అరకు కొండమీద 12 మైక్రోసెకన్లు

గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున విశాఖపట్నం చేరుతుంది. కిరండూల్ వెళ్లే పగటి బండి ఏడు కొట్టేలోపే అక్కడినుంచి బయల్దేరుతుంది. ఆ కాస్త వ్యవధిలో రెండు ఇడ్లీలు తిని ప్లాట్‌ఫారం మారితే చాలు, మధ్యాహ్నానికల్లా అరకులో ఉంటాం. హైదరాబాద్ నుంచి అరకుకి ఉన్న దారుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఈసారి సంచీలో బట్టలకంటే పనిముట్లే ఎక్కువ ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, బ్యాటరీతో నడిచే చేతి ఆసిలోస్కోపు, వాటితోపాటు కోఠి గుజరాతీ గల్లీలో కొన్న కెపాసిటర్లు, చిప్‌లు.

అరకు అవతల ఒక కాఫీ తోటలో వాతావరణం కొలిచే పెట్టె ఒకటి ఉంది. వాన ఎంత పడిందో, గాలిలో తేమ ఎంతో, చలి ఎంతో లెక్కగట్టి ఫోన్ నెట్‌వర్క్ మీదుగా పంపుతుంది. కాఫీ రైతుకు ఈ లెక్కలతో చాలా పని. వేసవిలో పూత విచ్చుకోవాలంటే సమయానికి జల్లు పడాలి. పండు కోసి, తొక్క తీసి, గింజ ఆరబెట్టే రోజుల్లో వాన పడకూడదు. అంత అవసరమైన పెట్టె కాస్తా వైరు తగిలించిన క్షణంలోనే చచ్చిపోతోంది. లోపలున్న వోల్టేజి రెగ్యులేటర్ చిప్ మాడిపోతోంది. కొత్త చిప్ వేసినా అదే వరస. బోర్డును నగరానికి పంపితే టేబుల్ మీద రోజులతరబడి హాయిగా నడుస్తుంది, కొండెక్కితే పోతుంది. చిప్‌లు నకిలీవని ఒకరు, పిడుగు దెబ్బ అని ఒకరు, బిగించడం చేతకాక అని ఇంకొకరు. మాటలు ముదిరే దశలో, నేను వెళ్లి చూసొస్తానన్నాను. నేలమీద బతికి కొండమీద చచ్చే వస్తువు సంగతి కొండమీదే తేలాలి.

బండి కొత్తవలస దాటాక విజయనగరం జిల్లా పొలాలు, తాటిచెట్లు, ఎర్రనేల. శృంగవరపుకోట, బొడ్డవర వచ్చేసరికి ఎదుట తూర్పు కనుమలు నిలబడతాయి. శివలింగపురం నుంచి ఎక్కుడు మొదలు. కొత్తవలస-కిరండూల్ లైను 1960ల్లో జపాన్ సహకారంతో వేసింది. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి ఓడలెక్కించడానికే ఈ పట్టాలు. ఇప్పటికీ ఇక్కడ పెద్దరికం ఖనిజం రైలుదే, ప్రయాణికుల బండి దానికి దారిచ్చి పక్కన ఆగుతుంది. మొత్తం లైనులో యాభైకి పైగా సొరంగాలు. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు. బొర్రాలో సగం బండి దిగిపోయింది. ఆ తర్వాత కరకవలస, దాన్ని దాటితే సిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చిన్న స్టేషన్‌కి దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలోకెల్లా ఎత్తయినదని చాలాకాలం పేరుండేది. పొద్దున్న సముద్రం పక్కన చెమట తుడుచుకున్నవాళ్లు ఇక్కడ శాలువా కప్పుకుంటారు.

కిటికీ పక్కన కూర్చుని బోర్డు పటం మరోసారి విప్పి చూసుకున్నాను. తోటలో రెండు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు వరసలో ఉన్నాయి, అంటే 24 వోల్టులు. పెట్టెకు కావలసింది 5. ఎక్కువైన వోల్టేజిని వేడిగా తగలబెట్టే పాతరకం లీనియర్ రెగ్యులేటర్ అయితే 24 నుంచి 5కి దించేసరికి నూటికి దాదాపు ఎనభై పాళ్లు వృథా. సోలార్ పలకమీద బతికే పెట్టెకి అది కుదరదు. అందుకే స్విచింగ్ రెగ్యులేటర్ పెడతారు. అందులో ఒక ట్రాన్సిస్టర్ సెకనుకు కొన్ని లక్షలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అది ముక్కలుగా వదిలిన కరెంటును కాయిల్, కెపాసిటర్ కలిసి సమంగా సర్ది ఇస్తాయి. వేడి తక్కువ, ఆదా ఎక్కువ. ఈ చిప్‌కి 36 వోల్టుల దాకా పని చేయవచ్చని, ఏ పరిస్థితిలోనూ 40 దాటకూడదని డేటాషీట్ చెబుతోంది. 24 వోల్టుల బ్యాటరీకి ఇది సరిపోవాలి. కాగితం మీద ఎక్కడా తప్పు లేదు.

అరకులో దిగి, జీపెక్కి, చివరి ముక్క కాలినడకన తోట చేరాను. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. పండ్లు ఎర్రబడి కోత మొదలైన కాలం. ఆడవాళ్లు నడుముకి గంపలు కట్టుకుని పండిన కాయను మాత్రమే ఏరి కోస్తున్నారు. పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కడం వెనక ఈ వేళ్ల ఓర్పు ఉంది.

పెట్టెను చూసుకునే కుర్రాడు డిప్లొమా చదివినవాడు. తోట పెద్దాయన అతనికి మేనమామ. ముందు టీ ఇచ్చారు, ఆ తర్వాత సంగతి చెప్పారు. ఉరుములు మొదలైతే వైరు పీకేస్తారట, తెరిపిచ్చాక మళ్లీ తగిలిస్తారట. అలా తగిలించినప్పుడే పోతోంది.

"ప్రతిసారీ పోతుందా?" అనడిగాను.

"లేదు సార్, ఒక్కోసారి బాగానే పనిచేస్తది," అన్నాడు కుర్రాడు.

పెద్దాయన అందుకున్నాడు. "పొద్దుటేల పెడితే బాగానే ఉంటాది బాబూ. మజ్జానం ఎండకాసినప్పుడు పెడితే టప్పుమని పోతాది. సెప్తే ఎవలూ ఇన్రు."

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీశాను. ఒకే వైరు, ఒకే బోర్డు, ఒకే చేయి. పొద్దున్న బతికి మధ్యాహ్నం చచ్చిందంటే, ఆ రెండు వేళల మధ్య మారిందేదో వెతకాలి. నకిలీ చిప్‌కి పొద్దున్న, మధ్యాహ్నం తేడా ఉండదు.

చచ్చిన బోర్డులను వెదురు తట్టమీద పరిచాం. భూతద్దంలో చూస్తే ఒక చిప్ నెత్తిన ఆవగింజలో సగమంత గుంట, చుట్టూ గోధుమరంగు మరక. మరోదానిమీద వెంట్రుకవాసి పగులు. ఇంకొకటి పైకి నిక్షేపంగా ఉంది. మీటరు పెట్టి చూశాను. ఇన్‌పుట్ కాలుకీ స్విచ్ కాలుకీ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు, అంటే లోపలి పై ట్రాన్సిస్టర్ అతుక్కుపోయింది. చూసిన ప్రతి చిప్‌లోనూ అదే గాయం. ఈ రకం చావులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ట్రాన్సిస్టర్ అతుక్కుపోతే 24 వోల్టులు ఆపేవాళ్లు లేక నేరుగా 5 వోల్టుల వైపు దూసుకెళ్తాయి, సెన్సార్లు కూడా పోతాయి. అందుకని ముందు సెన్సార్ బోర్డును విడదీసి పక్కన పెట్టించాను. మరమ్మతుకు కూర్చున్నవాళ్లెవరైనా మొదట చేయాల్సిన పని ఇది.

గాయం ఏమిటో తెలిసింది. కొట్టింది ఎవరో తేలాలి. కాయిల్ సంతృప్తమై కరెంటు విరుచుకుపడితే ఇలా జరగవచ్చు. అలాగైతే లోడు పెరిగినప్పుడు పోవాలి గాని తగిలించగానే కాదు. టంకం సరిగా అంటక వేడెక్కి పోవచ్చు. దానికి నిమిషాలు పడుతుంది, క్షణాలు కాదు. అవుట్‌పుట్‌లో షార్ట్ ఉంటే టేబుల్ మీదా కనబడాలి. పిడుగంటారా, అది పడిన రోజు వైరే తగిలించి లేదు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది ఇన్‌పుట్ ఒక్కటే. 40 దాటకూడని చోట ఏదో 40 దాటుతోంది. 24 వోల్టుల బ్యాటరీ నుంచి 40 ఎలా వస్తుందన్నదే ప్రశ్న.

దీనికి ఇంకో చిప్‌ని బలివ్వక్కర్లేదు. చచ్చిన చిప్‌ని బోర్డునుంచి ఊడదీసి, ఇన్‌పుట్ దగ్గరి సిరామిక్ కెపాసిటర్‌ని మాత్రం ఉంచాను. చంపే దెబ్బ ఇన్‌పుట్ వైరునుంచే వస్తుంటే చిప్ ఉన్నా లేకపోయినా ఆ చోట కనబడాలి. ఆసిలోస్కోపు ప్రోబుకుండే పొడవాటి మొసలి క్లిప్పు తీసేసి, కొనకు చిన్న స్ప్రింగ్ తొడిగి, నేరుగా కెపాసిటర్ రెండు చివరల మీద ఆనించాను. ఆ పొడవు వైరు ఉంటే లేని అలలు కూడా తెరమీద చూపిస్తుంది. ఒక్కసారే పట్టుకునేలా, 30 వోల్టులు దాటగానే గీత నిలిచిపోయేలా ట్రిగ్గర్ సర్దాను. బ్యాటరీలు స్తంభం అడుగున విడి డబ్బాలో ఉన్నాయి, బోర్డు పైన. మధ్యలో వైరు సుమారు 3 మీటర్లు. మామూలుగా తగిలించినట్టే తగిలించమని కుర్రాడికి చెప్పాను.

టెర్మినల్ దగ్గర చిటుక్కుమని నీలిరంగు రవ్వ లేచింది. తెరమీద గీత నిట్టనిలువుగా లేచి, శిఖరం తాకి, కిందికి పడి, మళ్లీ లేచి, తగ్గుతూ తగ్గుతూ బ్యాటరీ వోల్టేజి దగ్గర సర్దుకుంది. శిఖరం దగ్గర గీత పెట్టి కొలిస్తే 52 వోల్టులు. తగిలించిన క్షణంనుంచి అక్కడికి 12 మైక్రోసెకన్లు. సెకనులో లక్షోవంతుకి కాస్త ఎక్కువ. మల్టీమీటరు ఆ కాలాన్ని చూడనే చూడలేదు. చిప్‌లోని ట్రాన్సిస్టర్ చావడానికి మాత్రం అది చాలు.

పెద్దాయన తెర వంక చూసి, "ఇరవైనాలుగు గదా, యాభై ఎలా అయినాది?" అన్నాడు. జవాబు ఆయన కళ్లముందే ఉంది. తోట చివర పండ్ల సంచులు తూస్తున్నారు, కొమ్మకు వేలాడే స్ప్రింగ్ కాటాతో. కొక్కేనికి సంచీ తగిలించి ఒక్కసారిగా చెయ్యి వదిలితే ముల్లు అసలు బరువు దాటి, దాదాపు రెట్టింపు దాకా పరుగెత్తి, వెనక్కి వచ్చి, కాసేపు ఊగి అప్పుడు నిలబడుతుంది. చేత్తో ఆపుతూ మెల్లగా దించితే ఊగదు. ఇక్కడా జరుగుతున్నది అదే. వైరుకు ఇండక్టెన్స్ అనే గుణం ఉంది. పక్కపక్కన నడిచే జంట తీగల్లో మీటరుకు సుమారు 1 మైక్రోహెన్రీ. పరుగందుకున్న కరెంటును అది టక్కున ఆగనివ్వదు. ఖాళీగా ఉన్న సిరామిక్ కెపాసిటర్‌ని బ్యాటరీకి తగిలించగానే 30 ఆంపియర్లకు దగ్గరగా కరెంటు అందులోకి ఉరుకుతుంది. ఎండలో చార్జవుతున్న బ్యాటరీ అప్పుడు 24 దగ్గర కాదు, 28 వోల్టుల దగ్గర ఉంది. కెపాసిటర్ నిండి ఆ 28కి చేరినా ఉరవడి ఆగదు, ఇంకా నింపుతూనే పోతుంది. నిరోధం బొత్తిగా లేక, కెపాసిటీ కూడా మారకుండా ఉంటే శిఖరం సరిగ్గా రెట్టింపు. మన వైరు, మన బ్యాటరీ కాస్త బ్రేకు వేశాయి కాబట్టి 52 దగ్గర ఆగింది.

పొద్దున్నకీ మధ్యాహ్నానికీ తేడా కూడా తేలిపోయింది. ఆ కోతల కాలంలో లోయలో తెల్లవారాక కూడా చాలాసేపు పొగమంచు కూర్చుంటుంది. సోలార్ పలకకు వెలుతురు అందదు. అప్పుడు బ్యాటరీ 24.6 వోల్టుల దగ్గర ఉంటుంది. మర్నాడు పొద్దున్న మంచులోనే కొలిచి చూస్తే శిఖరం 45. ఇదీ 40 హద్దు దాటినదే. అయినా డేటాషీట్ గీసిన గీతకీ చిప్ నిజంగా చచ్చే చోటుకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది, ఆ ఎడంలో చిప్ గాయంతోనైనా బతికి బయటపడింది. మంచు విడిచి ఎండ కాస్తే చార్జింగ్ పుంజుకుని బ్యాటరీ 28 దాటుతుంది. అప్పుడు తగిలిస్తే 52. ఆ ఎడం చాలదు. పెద్దాయన చెప్పిన మజ్జానం ఇదే. ఇన్నాళ్లుగా పరీక్షల్లో దొరకని జవాబు ఆయన మాటలో ఉంది.

టేబుల్ మీద ఎందుకు బతికిందో దీన్నిబట్టే అర్థమవుతుంది. ప్రయోగశాలలో వాడే పవర్ సప్లై బటన్ నొక్కగానే వోల్టేజిని మెల్లగా పెంచుతుంది, కరెంటుకు హద్దు పెడుతుంది, వైరు కూడా పొట్టిదే. బరువును చేత్తో ఆపుతూ దించినట్టే అది. బ్యాటరీ అలా కాదు, తగిలీతగలగానే తన దగ్గరున్నదంతా ఇచ్చేస్తుంది.

ఈ జబ్బు ఇంజనీర్లకు కొత్తది కాదు. 2000 ప్రాంతంలో టాంటలం కెపాసిటర్లకు కొరత వచ్చి ధరలు మండిపోయాయి. అప్పటికే సిరామిక్ కెపాసిటర్లు చిన్నవై, చవకై, మన్నికగా తయారవుతున్నాయి. చాలామంది ఇన్‌పుట్ దగ్గర వాటికి మారారు. 2001 మార్చిలో లీనియర్ టెక్నాలజీ సంస్థ ఇంజనీరు గోరన్ పెరికా సరిగ్గా ఈ విషయంమీద ఒక అప్లికేషన్ నోట్ రాశాడు. దాని సంఖ్య 88. సిరామిక్ ఇన్‌పుట్ కెపాసిటర్లు తగిలించే వేళ వోల్టేజిని ఎలా ఎగదోస్తాయో, దానికి మందేమిటో ఆసిలోస్కోపు బొమ్మలతో చూపించాడు. సిరామిక్ కెపాసిటర్ గొప్పతనం దాని లోపలి నిరోధం బహుతక్కువ కావడం, కొన్ని మిల్లీఓమ్‌లే. స్విచింగ్ రెగ్యులేటర్ నడుస్తున్నప్పుడు అదే కావాలి. తగిలించే క్షణంలో మాత్రం అదే లోపమవుతుంది, ఊపును ఆపే బ్రేకు ఉండదు. పైగా ఈ జాతి కెపాసిటర్‌మీద వోల్టేజి పడేకొద్దీ కెపాసిటీ తగ్గిపోతుంది. 10 మైక్రోఫారాడ్లని రాసి ఉన్నది 24 వోల్టుల దగ్గర అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు. తగ్గేకొద్దీ శిఖరం ఇంకా ఎత్తుకు లేస్తుంది.

మందు కోఠి గల్లీలో కొన్న పొట్లంలోనే ఉంది. 100 మైక్రోఫారాడ్, 63 వోల్టుల మామూలు అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. పది రూపాయల వస్తువు. దాని లోపలి నిరోధం అర ఓమ్ దరిదాపుల్లో ఉంటుంది. మామూలుగా లోపంగా చూసే ఆ నిరోధమే ఇక్కడ బ్రేకు. ఖరీదైన పాలిమర్ రకం వేస్తే నిరోధం మళ్లీ తక్కువై, బ్రేకు సరిగా పడకపోవచ్చు. సిరామిక్ దాని చోటనే ఉండాలి, ఎలక్ట్రోలైటిక్ దానికి సమాంతరంగా పక్కన చేరాలి. చలిలో ఎలక్ట్రోలైటిక్ నిరోధం పెరుగుతుంది గనక అరకు పొద్దుల్లో కూడా కొలిచి చూసుకోవాలి. బోర్డుమీద చోటు లేదు. ఇన్‌పుట్ టెర్మినల్ కిందనే కాళ్లు కత్తిరించి, ప్లస్ మైనస్ తిరగబడకుండా చూసుకుని, టంకం పెట్టాను. దానికి తోడు, హద్దు దాటిన వోల్టేజిని మింగేసే టీవీఎస్ డయోడ్ ఒకటి. పొడవు వైరును విప్పి రెండు తీగలనూ జడలా పెనవేశాం, ఇండక్టెన్స్ కొంత తగ్గుతుంది.

చిప్ వేయకముందే ఎండలో మళ్లీ తగిలించి చూశాం. గీత లేచి 30 దగ్గరే నిలబడింది, ఊగలేదు. అప్పుడు కొత్త చిప్ వేశాం. అవుట్‌పుట్‌లో 5 వోల్టులు చూసుకున్నాక సెన్సార్ బోర్డు తగిలించాం. కుర్రాడు కావాలనే పదేపదే వైరు పీకి తగిలించాడు, మిట్టమధ్యాహ్నం, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. పెట్టె ప్రతిసారీ లేచింది. పాత బోర్డులన్నీ అతనే బాగుచేస్తానన్నాడు. ఆసిలోస్కోపు ఎలా సర్దాలో, స్ప్రింగ్ ఎక్కడ ఆనించాలో చూపించి, ఆ పరికరాన్ని కొన్నాళ్లు అక్కడే వదిలాను. ఇలాంటి పెట్టెలున్న తోటలన్నిటికీ నగరంనుంచి మనుషులు రాలేరు. కొండమీదే పని తెలిసినవాడు ఒకడుండాలి.

తిరుగు ప్రయాణంలో బండి సొరంగాలు దిగుతుంటే నివేదిక రాశాను. అందులో కెపాసిటర్ సంగతి నాలుగు వాక్యాల్లో అయిపోయింది. మిగతాదంతా రెండు విన్నపాలు. బయటికి పంపే ఏ పెట్టెనైనా అక్కడ వాడే బ్యాటరీతో, అంతే పొడవున్న వైరుతో, నిండా చార్జింగ్ చేసి, ఉత్త చేత్తో తగిలించి పరీక్షించాకే బండెక్కించాలి. మెత్తని పవర్ సప్లై ఇచ్చే కితాబు చాలదు. రెండోది, ఫిర్యాదు కాగితంలో ఇప్పుడున్న గడి ఒక్కటే: ఏం పాడైంది? దాని పక్కన ఇంకో రెండు చేర్చాలి: ఏ వేళప్పుడు పోయింది, ఎలా తగిలించారు? ఆ గడులు మొదటినుంచీ ఉండుంటే పెద్దాయన చెప్పిన మాట ఎవరో ఒకరు రాసేవారు, ఆ పంటకాలం లెక్కలు తోటకు దక్కేవి.